పన్నెండు పాయింట్ నాలుగు

కంటి ఆపరేషనైన నాలుగో నాడు
నేను మొదట అడిగింది బండి గురించే.
"ఆర్నెల్లు స్టీరింగు ముట్టొద్దు" అన్నాడు అనంతపురం డాక్టరు.
ఆర్నెల్లు.
నేను పడుకుంటా, సరే.
ఇండికా పడుకుంటే మళ్ళా లేస్తాదా?

తాడిపత్రిలో పాలిషు ఫ్యాక్టరీల వెనక
రేకుల షెడ్డు నాది, నేలకు నాపరాళ్ళు.
రాతిదుమ్ము తలుపు సందుల్లోంచి దూరి
బానెట్టు మీద పిండి మాదిరి కూర్చుంటాది.
తాళం పెరికినా బండి పూర్తిగా నిద్రపోదు.
లోపల గడియారం తిరుగుతానే ఉంటాది,
సైరను పెట్టె ఒక కన్ను తెరిచే ఉంటాది.
ఇద్దరూ సొట్టు సొట్టుగా తాగి
నలభై దినాల్లో బ్యాటరీని పిప్పి చేస్తారు.

అందుకే పది నంబరు పానా.
నల్లతీగె ముందు ఇప్పాల, ఎర్రది తర్వాత.
బిగించేటప్పుడు ఎర్రదే ముందు.
ముప్పై ఏండ్లుగా చేతులకు తెలిసిన పని,
కండ్లతో అవసరం లేదు.
కొనల మీద పేరుకున్న బూజును
సోడా ఉప్పు కలిపిన వేన్నీళ్ళతో కడిగినా.
గోరుచుట్టులో చురచుర.
తుడిచి వ్యాసలీను రాసినా, పసిబిడ్డకు రాసినట్టు.

చెక్కపలక మీద బ్యాటరీని కూర్చోబెట్టి
చిన్న చార్జరు తగిలించినా.
"తీస్కరా చౌడప్పన్నా, ఒక్కపూటలో నింపిస్తా"
అన్నాడు బ్యాటరీ షాపు మద్దిలేటి.
వద్దన్నా.
ఈ కాలంలో చీనీ తోటకు ఎవరన్నా
కాలవ తెగ్గొట్టి నీళ్ళిడుస్తారా?
డ్రిప్పు పెడతారు.
ఒక సొట్టు. ఆగు. ఇంకో సొట్టు.
కంట్లో మందు కూడా మా ఆడది అట్లే వేస్తాది,
ఊపిరి బిగబట్టుకోని.

మీటరులో అంకెలు మాత్రం అందవు.
ఎడమకంట్లో పొగ, కుడికన్ను ముందునించే మందం.
పక్కింటి రమీజా, తొమ్మిదో తరగతి,
ఆదివారం ఆదివారం వచ్చి చదువుతాది.
"పన్నెండు పాయింట్ ఆరు, మామా."
"పన్నెండు పాయింట్ ఐదు."
ఎక్కం అప్పజెప్పినట్టు.

రెండో తూరి ఆస్పత్రికి పోతే
గోడమీది అక్షరాలు చదవమన్నారు.
బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే
ముందరాయన చదివింది విని కంఠతా పట్టినా.
గడగడా చెప్పేసినా, అడుగు వరస దాకా.
డాక్టరు ఏమీ అనకుండా
ఇంకో అట్ట తగిలించినాడు.

ఇంకో మూడు నెలలు.

ఆ నెలంతా కరెంటు సరిగ్గా లేదు.
పొద్దుగూకి పోతే తెల్లారి వచ్చేది,
వచ్చిన కాసేపూ బల్బు ఎర్రగా, నిప్పుకణిక మాదిరి.
ఆదివారం రమీజా వంగి చూసింది.
ఎప్పుడూ లేనిది, ఒక గుటక సేపు ఆగింది.
"పన్నెండు పాయింట్ ఆరు, మామా."

సరే అన్నా.
ఆ పిల్ల పోయినంక
తీగెలు బిగించి తాళం తిప్పినా.
కట్.
కట్ కట్.
ముసలాయన లేవబోయి మళ్ళా కూలబడినట్టు.
పదకొండు ఎనిమిదో, ఇంకా కిందో.
ఇట్లే నెలా రెండు నెలలు వదిలేస్తే
లోపల రేకుల మీద ఉప్పు గట్టిపడిపోతాది,
ఇంక ఏ చార్జరుకూ కరగదు.

కోపం రావాల. రాలేదు.
ఆ అట్ట గుర్తొచ్చింది.

మద్దిలేటి దగ్గరికే మోయించినా,
"మూడు దినాలైనా పర్వాలేదు, సన్నంగా పెట్టు" అని.
తెచ్చినంక ఆ పిల్లను పిలిచినా.
"పాపా, మంచి అంకె నాకొద్దు, ఉండే అంకె చెప్పు.
తక్కువుంటే నింపుకుంటాం.
ఉండాదనుకుంటేనే మోసపోతాం."
పలకలేదు. కమ్మలు కదిలిన చప్పుడు.
అప్పుడు ఆస్పత్రి సంగతి నేనే చెప్పినా,
ఎట్ల విన్నానో, ఎట్ల దొరికిపోయినానో.
పకపకా నవ్వింది,
షెడ్డు రేకులు అదిరేటట్టు.

ఈ ఆదివారం మళ్ళా వంగి చూసింది.
"పన్నెండు పాయింట్ నాలుగు."
"నాలుగేనా?"
"నాలుగే మామా.
మూడుకు పోదామా అని చూస్తాంది."
చార్జరు తగిలించినా.
సన్నంగా, తుమ్మెద మాదిరి, మొదలైంది.
మా ఆడది ఇంట్లోంచి కేకేసింది,
చుక్కల మందుకు టైమైందని.